ఆరువేళ్ల ఎజీ ఎవరి మనిషి?

వరల్డ్‌కప్ మ్యాచ్‌లో ఒకడు నాలుగు గోల్స్ కొట్టాడు. అతని టీమ్ ఓడిపోయింది.

మొదట నాకు తెలిసింది ఈ ఒక్క ముక్కే. పోయినేడాది ఆఫీసు పని మీద పోలండ్‌లో కటోవిట్సె అనే ఊళ్లో నాలుగు నెలలున్నా. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో అక్కడివాళ్లు మాట్లాడుకునేది ఫుట్‌బాల్ గురించే. మనం సినిమా గురించి కొట్టుకుంటామే, అచ్చం అట్లాగే. ఒకరోజు నేనూ మాటల్లో దూరదామని, "మీ దేశంలో అందరికంటే గొప్ప ప్లేయర్ ఎవరు?" అని అడిగా. సమాధానం తెలిసే అడిగా. లెవండోవ్‌స్కీ అంటారు, నేను తలూపుతా, మ్యాటర్ క్లోజ్.

అందరూ లెవండోవ్‌స్కీ అనే అన్నారు. వయసులో పెద్దాయన ఒకరు మాత్రం బోనియెక్ అన్నారు. మా టెస్టింగ్ టీమ్‌లో ఒకతను ఉన్నాడు, పక్కనే ఉన్న హోజూఫ్ అతని సొంతూరు. తింటున్న ప్లేట్‌లోంచి తల ఎత్తకుండానే "ఎజీ" అన్నాడు. టేబుల్ దగ్గర ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. వార్సా నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె "వాడు జర్మన్ కదా" అంది. ఇతను నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వేమిటో తెలుసుకోడానికే ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. రెండింటి దాకా పడుకోలేదు. మర్నాడు పొద్దున స్టాండప్ కాల్‌లో నేను చెప్పిన అప్‌డేట్ ఏంటో నాకే గుర్తులేదు.

ఎజీ అంటే ఎర్నెస్ట్ విలిమోవ్‌స్కీ. 1916 జూన్ 23న కటోవిట్సెలోనే పుట్టాడు. అప్పుడది జర్మనీ సామ్రాజ్యంలో ఊరు, పేరు కట్టోవిట్స్. పిల్లాడి పేరు ఎర్నస్ట్ ఓటో ప్రాడెల్లా. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. తర్వాత తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, ఆ మారు తండ్రి ఇంటిపేరే విలిమోవ్‌స్కీ. యుద్ధం అయ్యాక ఈ ప్రాంతం మాదంటే మాదని జర్మనీ, పోలండ్ పట్టుబట్టాయి. 1921లో జనాన్ని ఓటింగ్ అడిగారు. 1922లో ఆ నేలను రెండు ముక్కలు చేసి కటోవిట్సె ఉన్న ముక్కను పోలండ్‌కిచ్చారు. అంటే మన ఎజీ ఆరేళ్లప్పుడు, ఇల్లు కదలకుండానే దేశం మారాడు. పేరు కూడా ఎర్నస్ట్ పోయి ఎర్నెస్ట్ అయింది.

ఆ ప్రాంతాన్ని సిలేసియా అంటారు. బొగ్గు గనులు, ఇనుప ఫ్యాక్టరీలు, ఆ కార్మికుల వాడల్లో ఫుట్‌బాల్. ఇంట్లో జర్మన్, వీధిలో సిలేసియా యాస, బడిలో పోలిష్. నువ్వెవరివి అంటే పోలండ్ వాడిననో, జర్మన్‌ననో చెప్పకుండా 'ఇక్కడివాణ్ని' అని చెప్పేవాళ్లు ఇప్పటికీ అక్కడ చాలామంది కనిపిస్తారు. విలిమోవ్‌స్కీ కూడా తనను తాను ఎగువ సిలేసియా వాడిననే చెప్పుకునేవాడట.

ఇక ఆట. అతని కుడికాలికి ఆరు వేళ్లు. ఇది కట్టుకథ కాదు, నిజంగానే ఆరు. మన ఊళ్లో అయితే అదృష్టం అంటారు. మొదట కటోవిట్సెలో జర్మన్లు నడిపే క్లబ్‌లో ఆడి, 1934లో రూఖ్ అనే క్లబ్‌కి మారాడు. అదే ఇప్పటి రూఖ్ హోజూఫ్. మొదటి సీజన్లోనే లీగ్‌లో 33 గోల్స్. అదే ఏడాది మే 21న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ మీద పోలండ్ తరఫున దిగాడు. అప్పటికింకా పద్దెనిమిది నిండలేదు. రూఖ్ తరఫున ఆరు సీజన్లలో 86 లీగ్ మ్యాచ్‌లు, 112 గోల్స్. అతను ఉండగా క్లబ్ నాలుగుసార్లు దేశ చాంపియన్ అయింది. 1939 మే 21న వుడ్జ్ నగరపు టీమ్ మీద ఒక్క మ్యాచ్‌లో పది గోల్స్ కొట్టాడు. స్కోరు 12-1. పోలండ్ లీగ్‌లో ఇప్పటికీ అదే రికార్డ్. మే 21 ఈ మనిషికి ఏదో కలిసొచ్చిన రోజు లాగుంది.

బుద్ధిమంతుడేం కాదు. తాగుడు గొడవల్లో సస్పెన్షన్ పడి 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయాడు. అతను లేకుండానే పోలండ్ నాలుగో స్థానంలో నిలిచింది. అతను కూడా ఉండుంటే ఏమయ్యేదని ఇప్పటికీ లెక్కలేసుకునేవాళ్లున్నారు.

అసలు మ్యాచ్ 1938 జూన్ 5న. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్. పోలండ్‌కి అదే మొట్టమొదటి వరల్డ్‌కప్ మ్యాచ్. ఆ ఏడాది గ్రూపులూ గీపులూ లేవు, మొదటి మ్యాచ్ నుంచీ నాకౌటే. ఓడితే రైలెక్కడమే. ఎదురుగా బ్రెజిల్, వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ లియోనిడాస్. వాన, బురద.

లియోనిడాస్ మొదటి గోల్ కొట్టాడు. విలిమోవ్‌స్కీ బాల్ తీసుకుని లోపలికి దూసుకెళ్తే బ్రెజిల్ డిఫెండర్ పడగొట్టాడు. పెనాల్టీని షెర్ఫ్‌కే గోల్ చేశాడు, 1-1. హాఫ్‌టైమ్‌కి బ్రెజిల్ 3-1. ఇంకెవరైనా అయితే పరువు కాపాడుకుంటే చాలనుకుంటారు. సెకండాఫ్ మొదలైన పావుగంటలోపే, 53వ నిమిషంలో ఒకటి, 59లో ఒకటి కొట్టాడు ఎజీ. 3-3. బ్రెజిల్ మళ్లీ ఒకటి. మ్యాచ్ అయిపోయిందనుకున్న 89వ నిమిషంలో అతనే మళ్లీ. 4-4. ఎక్స్‌ట్రా టైమ్‌లో లియోనిడాస్ రెండు కొట్టాడు. 118వ నిమిషంలో ఎజీ నాలుగోది కొట్టాడు. 6-5 అయింది. ఇంక టైమ్ లేదు.

వరల్డ్‌కప్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టిన మొదటివాడు అతనే. అప్పటికి వయసు ఇరవై ఒకటి. ఇరవై ఒక్కేళ్లకి నేను ఫైనలియర్ ప్రాజెక్ట్‌ని సీనియర్ల దగ్గర తెచ్చుకుని కవర్ పేజీ మార్చే పనిలో ఉన్నా.

మరుసటి ఏడాది ఆగస్టు 27న వార్సాలో హంగరీతో మ్యాచ్. హంగరీ అంటే ఆ వరల్డ్‌కప్ ఫైనల్ ఆడిన టీమ్. పోలండ్ 4-2తో గెలిచింది. మూడు గోల్స్ ఎజీవి, ఒక పెనాల్టీ పియాంటెక్‌ది. పోలండ్ తరఫున అతని లెక్క 22 మ్యాచ్‌లు, 21 గోల్స్. ఆ రోజు స్టేడియం నుంచి సంతోషంగా ఇంటికెళ్లినవాళ్లకి మిగిలింది ఐదు రోజులే. సెప్టెంబర్ 1న హిట్లర్ సైన్యం సరిహద్దు దాటింది.

ఇక్కడి నుంచి కథ వేరు. కటోవిట్సె మళ్లీ జర్మనీలో కలిసింది. ఇరవై మూడేళ్లకి ఎజీకి మళ్లీ దేశం మారింది, ఈసారీ ఇల్లు కదల్లేదు. నాజీలు 'జర్మన్ జనాభా జాబితా' అని ఒకటి పెట్టారు. అందులో పేరు ఎక్కితే బతుకుతావు, సైన్యానికీ పిలుస్తారు. ఎక్కకపోతే ఇల్లు పోవచ్చు, క్యాంపుకీ పంపొచ్చు. సిలేసియాలో జనం గుంపులు గుంపులుగా సంతకాలు పెట్టారు. ప్రాణాలు కాపాడుకోండి, పెట్టండి అని కటోవిట్సె బిషప్ అడామ్‌స్కీయే చెప్పాడు. ఎజీ కూడా జర్మన్ పౌరుడయ్యాడు. 1940లో కెమ్నిట్స్ ఊరి పోలీసు క్లబ్‌లో చేరాడు. ఆట ఆగలేదు.

ఇంతవరకైతే ఎవరూ పెద్దగా తప్పు పట్టేవాళ్లు కాదేమో. కానీ 1941 జూన్ 1న బుకారెస్ట్‌లో రొమేనియా మీద అతను జర్మనీ జెర్సీ వేసుకుని దిగాడు. ఛాతీ మీద గద్ద, దాని కింద స్వస్తిక. ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్. 1942లో స్విట్జర్లాండ్ మీద నాలుగు. జర్మనీ తరఫున మొత్తం 8 మ్యాచ్‌లు, 13 గోల్స్. 1942 నవంబర్‌లో బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్‌లో మ్యూనిక్ క్లబ్ తరఫున ఆడి గోల్ కొట్టాడు, కప్ గెలిచాడు. జర్మన్లు అతని పేరు స్పెల్లింగ్‌లో ఒక 'ఎల్' ఎక్కువ పెట్టి రాశారు. ప్రాడెల్లా, విలిమోవ్‌స్కీ, విల్లిమోవ్‌స్కీ. మన ఆధార్ సెంటర్‌కి వెళ్తే ఏమయ్యేవాడో.

అదే కాలంలో మిగతావాళ్లు ఏమయ్యారో కూడా చదివా. చదవకుండా ఉంటే బాగుండేది. పోలండ్ జాతీయ జట్టు మొట్టమొదటి గోల్ కొట్టిన యూజెఫ్ క్లోట్స్ యూదుడు. అతన్ని 1941లో వార్సాలో నాజీలు చంపారు. 1938 టీమ్ ఎంపికలో ఉన్న వీస్వా క్రాకుఫ్ క్లబ్ ప్లేయర్ ఆంటోని వీకోని (వాళ్ల స్పెల్లింగ్‌ని మనం ఎట్లా పలికినా వాళ్లు నవ్వుతారు) 1941లోనే ఆష్విట్జ్‌లో కాల్చేశారు. మారియన్ స్పోయిడా అని ఇంకో పాత ఇంటర్నేషనల్‌ని 1940లో కాటిన్‌లో చంపారు, అది చేసింది స్టాలిన్ మనుషులు. నాజీలు ఆక్రమించిన పోలండ్‌లో పోలిష్ వాళ్లు ఫుట్‌బాల్ క్లబ్‌లు నడపడమే నిషేధం. క్రాకుఫ్‌లో, వార్సాలో దొంగచాటుగా మ్యాచ్‌లు ఆడుకున్నారు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసే ఆడారు. ఆ సమయంలో ఎజీ స్వస్తిక తగిలించుకుని బెర్న్‌లో నాలుగు గోల్స్ కొడుతున్నాడు. వార్సా అమ్మాయి "వాడు జర్మన్ కదా" అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది నాకప్పుడు అర్థమైంది.

సరే, ద్రోహి అనేసి ఫోన్ పక్కన పడేద్దామనుకునేలోపు ఇంకో పేజీ తెరుచుకుంది. ఎజీ తల్లి పేరు పావులీనా. ఒక రష్యన్ యూదుడితో సంబంధం పెట్టుకుందన్న నేరం మీద ఆమెని ఆష్విట్జ్‌కి పంపారు. కొడుకు జర్మనీకి గోల్స్ కొడుతుంటే తల్లి జర్మనీ వాళ్ల క్యాంపులో ఉంది. హెర్మన్ గ్రాఫ్ అని పేరుమోసిన యుద్ధవిమాన పైలట్, తనూ ఫుట్‌బాల్ పిచ్చోడే, అతను కల్పించుకోబట్టి ఆమె బయటపడిందని చెబుతారు. ఆమె మాత్రం బతికే బయటికొచ్చింది. దీన్ని ఏ ఖాతాలో రాయాలి? కొడుకు ఆ జెర్సీ వేసుకోకపోయుంటే పైలట్ మాట సాయం చేసేవాడా? ఆ తల్లికి స్కోర్ బోర్డుతో పనుందా?

నేనెందుకింత ఇదైపోతున్నానో చెప్పాలి. మాది శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట, కూనవరం మండలం. మా నాయనమ్మ పుట్టినప్పుడు అది మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో తెలంగాణ వచ్చింది, పోలవరం ముంపు మండలాలని మమ్మల్ని మళ్లీ ఆంధ్రలో, మళ్లీ తూర్పు గోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇన్నిటికీ మా నాయనమ్మ అదే వసారాలో అదే మంచం మీద కూర్చునుంది.

2014 ఎండాకాలం నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతున్నా. మరుసటి ఏడాది ఇంజనీరింగ్ సీటు కోసం సర్టిఫికెట్లు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, కిటికీ అవతలి మనిషి నా కాగితాలు తిరగేసి మరగేసి "ఇంతకీ మీరు ఇటా, అటా?" అన్నాడు. ఇటువైపు వెళ్తే "మీరు అటెళ్లిపోయారు కదమ్మా" అన్నారు. అటువైపు వెళ్తే "నువ్వు చదివిందంతా అక్కడే కదా బాబూ" అన్నారు. "మేం ఎక్కడికీ వెళ్లలేదు సార్" అని మా నాన్న చేతులు కట్టుకుని చెప్పడం నాకింకా గుర్తే. చివరికి సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పోలండ్ దాకా వచ్చా. హాస్టల్లో మాత్రం నాలుగేళ్లూ ఆంధ్రావాళ్లకి తెలంగాణోణ్ని, తెలంగాణవాళ్లకి ఆంధ్రోణ్ని. యాస వల్ల ఎవరితో మాట్లాడుతున్నానో వాళ్లకి దొరికిపోయేవాణ్ని.

ఈ రెండూ ఒకటని అనను. మా మీద ఎవరూ తుపాకీ పెట్టలేదు, మా అమ్మని ఏ క్యాంపుకీ తోలలేదు. ఒక సర్టిఫికెట్ కోసం పది రోజులు తిరిగిన వాణ్ని, అంతే. కానీ "ఇటా, అటా?" అని ఎదుటివాడు అడిగినప్పుడు, ఏది చెప్తే పని అవుతుందో ఆలోచించి అదే చెప్పిన నోరు నాది. ఒక కిటికీ దగ్గర ఒకటి చెప్పా, ఇంకో కిటికీ దగ్గర ఇంకోటి చెప్పా. రెండూ అబద్ధాలు కావు. అందుకే విలిమోవ్‌స్కీని చటుక్కున తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ తర్వాతి శనివారం హోజూఫ్ అతను నన్ను ట్రామ్‌లో వాళ్లూరు తీసుకెళ్లాడు. రూఖ్ పాత స్టేడియం చూపించాడు. 1935లో కట్టింది. బాగా పాతబడిపోయింది, టీమ్ ఇప్పుడు ఊళ్లోనే ఉన్న పెద్ద స్టేడియంలో ఆడుతోంది. గేటు అవతల గడ్డి, ఖాళీ స్టాండ్లు. ఎజీ ఇక్కడ ఆడాడు అని చెప్పి, చాలాసేపు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ల ముత్తాత కూడా ఆ జాబితాలో సంతకం పెట్టాడట. జర్మన్ సైన్యానికి పిలిచారు, పంపారు. ఇటు నానమ్మవైపు ముత్తాతని మాత్రం క్యాంపులో వేశారు. ఇద్దరి ఫొటోలూ వాళ్లింట్లో ఒకే గోడకి ఉన్నాయి. కమ్యూనిస్టుల రోజుల్లో సంతకం పెట్టిన ముత్తాత గురించి బయట ఒక్క మాట కూడా మాట్లాడేవాళ్లు కాదట. విలిమోవ్‌స్కీ పేరు పుస్తకాల్లో రాయనట్టే.

"నువ్వైతే పెట్టేవాడివా?" అని అడిగాడు నన్ను.

"పెట్టేవాణ్నే" అన్నా. ఇంకాసేపు ఆలోచించి, "ఆ జెర్సీ సంగతి మాత్రం తెలీదు" అన్నా. సంతకం వేరు, గోల్ కొట్టి చేతులు పైకెత్తడం వేరు. నా తీర్పు ఏదైనా ఉంటే ఇదొక్కటే. అతను ఒప్పుకోలేదు. "వాడికి బాల్ వస్తే కొట్టకుండా ఉండటం చేతకాదు, ఏ జెర్సీ అయినా సరే. అదే వాడి జబ్బు" అన్నాడు. ఈ మాట మీద దారి పొడుగునా వాదించుకున్నాం. ఇప్పటికీ చాట్‌లో వాదించుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు ఇదంతా ఎంత మామూలైపోయిందో చూడండి. పొడోల్‌స్కీ పుట్టింది ఆ పక్కనే గ్లివిట్సెలో, క్లోజె పుట్టింది ఓపోలెలో. ఇద్దరూ జర్మనీకి ఆడి 2014లో వరల్డ్‌కప్ గెలిచారు. 2008 యూరో కప్‌లో పోలండ్ మీద పొడోల్‌స్కీ రెండు గోల్స్ కొట్టి, సంబరం చేసుకోకుండా ఊరుకున్నాడు. అదే పొడోల్‌స్కీ 2021లో సిలేసియాకే తిరిగొచ్చి గూర్నిక్ జబ్జె క్లబ్‌లో చేరితే జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఎజీకి ఆ వీలు దొరకలేదు. యుద్ధం ముగిశాక పోలండ్‌లో అతను ద్రోహి. తిరిగిరాలేదు. జర్మనీలోనే చిన్నాచితకా క్లబ్‌లు మారుతూ నలభై దాటేదాకా ఆడాడు. ఊరి పేరు వినగానే గుర్తొచ్చే క్లబ్‌లు కావు చాలావరకు. 1974లో వరల్డ్‌కప్ పశ్చిమ జర్మనీలో జరిగింది, పోలండ్ మూడో స్థానంలో వచ్చింది. టీమ్‌ని పలకరిద్దామని హోటల్ దాకా వెళ్లిన ముసలాయన్ని దగ్గరికి రానివ్వలేదని అంటారు.

1989 తర్వాత పోలండ్ మారింది, అతని పేరు మళ్లీ పైకొచ్చింది. 1995లో రూఖ్ క్లబ్ 75 ఏళ్ల పండక్కి రమ్మని పిలిచారు. అప్పటికతనికి 79. భార్యకి ఒంట్లో బాలేదని రాలేనన్నాడు. అది నిజమే అయుండొచ్చు. రెండేళ్లకి, 1997 ఆగస్టు 30న జర్మనీలో కార్ల్స్‌రూహె అనే ఊళ్లో పోయాడు. కటోవిట్సె మళ్లీ చూడలేదు.

ఆ రోజు ట్రామ్‌లో తిరిగొస్తుంటే మా నాన్న వీడియో కాల్ చేశాడు. వెనకాల కిటికీలోంచి పాత ఇటుకల ఇళ్లు, ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తున్నాయి. "అదేం ఊర్రా?" అన్నాడు. చెప్పా. "అది ఏ దేశంలో ఉన్నట్టు?" అన్నాడు. పోలండ్ అన్నా. పక్కన కూర్చున్న అతను ఫోన్‌లోకి తొంగిచూసి, "ప్రస్తుతానికి" అని ఇంగ్లీష్‌లో అందించాడు. మా నాన్నకి అర్థమైంది. పగలబడి నవ్వాడు.